జన్యువుల కాపలాదారులు

విజయనగరానికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, నెల్లిమర్ల మండలంలో, రామతీర్థం అనే ఊరున్నది. రాములవారి ఆలయము, గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలు గల పాత క్షేత్రమది. ఉత్తరాంధ్రలో తిరునాళ్లను 'తీర్థం' అనడం వాడుక. భీష్మ ఏకాదశికి స్వామి కల్యాణము, శివరాత్రికి జాతర జరిగే రోజులలో ఆ ఊరికి జనం వేలాదిగా వస్తారు. దారికిరువైపులా జీళ్ల దుకాణాలు, బజ్జీల పొయ్యిలు వెలుస్తాయి. తీర్థం ముగిసిందంటే ఆ పొయ్యిలు చల్లారిపోతాయి.

ఇందులో వింత ఏమీ లేదు. నూనె, పిండి, కట్టెలు, మనిషి కష్టం అన్నీ ఖర్చయ్యేవే. కొనేవాడు లేనప్పుడు మూకుడు కాచే వర్తకుడు నాలుగు నాళ్లలో దివాలా తీస్తాడు. జనం వచ్చిన తరువాత కూడా పొయ్యి వెలిగించనివాడు వచ్చిన బేరం పోగొట్టుకొంటాడు. ఎప్పుడు వెలిగించాలో, ఎప్పుడు ఆర్పాలో తెలియడమే వ్యాపారంలో సగం తెలివి.

ఆ తీర్థానికి వచ్చిన ఒక పెద్దమనిషి గ్లాసెడు పాలు త్రాగాడనుకొందాం. పాలలోని చక్కెర పేరు లాక్టోజు. దానిని జీర్ణం చేసే లాక్టేజు అనే ఎంజైము పసితనంలో అందరిలోనూ సమృద్ధిగా ఉంటుంది. దక్షిణ భారతదేశంలో చాలామందికి పెద్దయ్యేసరికి అది తగ్గిపోతుంది. అందుచేత త్రాగిన లాక్టోజులో కొంత భాగం జీర్ణం కాకుండానే పెద్దప్రేగు చేరుతుంది. అక్కడ కోట్లాది బాక్టీరియాలు కాపురమున్నవి. వాటిలో ఎషరీషియా కోలై ఒకటి. 1885లో థియొడర్ ఎషరిష్ అనే వైద్యుడు దీనిని వర్ణించాడు. దీని పొడవు మిల్లీమీటరులో వెయ్యో వంతుకు రెండింతలు మాత్రమే.

ఈ బాక్టీరియాకు ఇప్పుడొక కొత్త ఆహారం వచ్చింది. దానిని వాడుకోవాలంటే ప్రత్యేకమైన ఎంజైములు కావాలి. అవి ముందుగా తయారై లేవు. కొద్ది నిమిషాలలో తయారవుతాయి. వర్తకునికి కళ్లున్నవి, చెవులున్నవి, నిరుటి అనుభవమున్నది. బాక్టీరియాకు మెదడు లేదు, కన్ను లేదు. మరి తీర్థం మొదలైనదని దానికి ఎవరు చెప్పారు? పొయ్యి ఎవరు వెలిగించారు?

గ్రంథము, లేఖకుడు

జీవకణం చేయగల పనులన్నీ దాని డి.ఎన్.ఎ.లో వ్రాసి ఉన్నవి. ఈ వ్రాతలో ఎ, టి, జి, సి అనే నాలుగే అక్షరాలు. డి.ఎన్.ఎ. రెండు పేటలు పెనవేసుకొన్న త్రాడువంటిదని, ఒక పేటలో ఎ ఉన్నచోట రెండవ పేటలో టి, జి ఉన్నచోట సి ఉంటుందని 1953లో వాట్సన్, క్రిక్ ప్రతిపాదించారు. రోజలిండ్ ఫ్రాంక్లిన్ తీసిన ఎక్స్‌కిరణ చిత్రాలు ఆ నిర్ణయానికి ముఖ్యమైన ఆధారాలలో ఒకటి. ఎషరీషియా కోలై గ్రంథంలో సుమారు 46 లక్షల అక్షరాల జతలు, 4,300 దాకా జన్యువులు ఉన్నవి. ఒక్కొక్క జన్యువు సాధారణంగా ఒక్కొక్క ప్రోటీను తయారీకి వ్రాసిన ఆదేశం.

గ్రంథంలో ఉన్నంతమాత్రాన ఆదేశం అమలు కాదు. ముందు ఆ జన్యువుకు ఆర్.ఎన్.ఎ. అనే నకలు తీయాలి. దీనికి అనులేఖనమని పేరు. ఆ నకలును రైబోజోములనే కణభాగాలు చదివి ప్రోటీనును కూరుస్తాయి. బాక్టీరియాలో ఈ నకలు ఎంతోకాలం నిలవదు. చాలా నకళ్లు కొద్ది నిమిషాలలోనే శిథిలమైపోతాయి. కాబట్టి కొత్త నకళ్లు తీయడం మానితే ఆ ప్రోటీను తయారీ కూడా త్వరలోనే ఆగిపోతుంది. ప్రోటీనుల తయారీని అదుపు చేయడానికి అన్నింటికంటె పొదుపైన చోటు అనులేఖనం మొదలయ్యే చోటు అని దీనినిబట్టి గ్రహించవచ్చు. పిండి కలిపిన తరువాత వద్దనుకోవడం కంటె పొయ్యి వెలిగించకుండా ఉండడమే మేలు గదా!

నకలు తీసే లేఖకుడు ఆర్.ఎన్.ఎ. పాలిమరేజు అనే ఎంజైము. ఇది ఒకే ముక్క కాదు. ఆల్ఫా అనే భాగాలు రెండు, బీటా ఒకటి, బీటా ప్రైమ్ ఒకటి, ఒమేగా అనే చిన్న భాగం ఒకటి కలిసి దీని మూల శరీరం. ఒమేగా చాలాకాలం శాస్త్రజ్ఞుల దృష్టికి అంతగా ఆనలేదు. హైదరాబాదులోని సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీలో దీపాంకర్ ఛటర్జీ బృందం 1990 దశకంలో దీనిమీద శ్రద్ధ పెట్టింది. విడిపోయి చెడిన పాలిమరేజు మళ్లీ పనిచేసే రూపానికి రావడంలో ఒమేగా తోడ్పడుతుందని వారు 1997లో ప్రకటించారు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

46 లక్షల జతల పొడవున్న గ్రంథంలో జన్యువు ఎక్కడ మొదలవుతుందో లేఖకునికి ఎట్లా తెలుస్తుంది? మూల శరీరం ఒక్కటే ఉంటే అది డి.ఎన్.ఎ.కు ఎక్కడబడితే అక్కడ అంటుకొంటుంది గాని, సరియైన చోటు గుర్తించలేదు. ఆ చోటు చూపించే మార్గదర్శి సిగ్మా అనే మరొక ప్రోటీను. 1969లో రిచర్డ్ బర్జెస్, ఆండ్రూ ట్రావర్స్, వారి సహచరులు దీని సంగతి వెల్లడించారు.

జన్యువుకు ముందు ప్రమోటర్ అనే భాగం ఉంటుంది. నకలు మొదలయ్యే అక్షరానికి సుమారు 10 అక్షరాల ముందు ఒక గుర్తు, 35 అక్షరాల ముందు మరొక గుర్తు ఉంటాయి. మొదటి గుర్తు ఆదర్శరూపం టి-ఎ-టి-ఎ-ఎ-టి. రెండవదాని ఆదర్శరూపం టి-టి-జి-ఎ-సి-ఎ. సిగ్మా ఈ రెండింటినీ పోల్చుకొని పాలిమరేజును అక్కడ నిలుపుతుంది. తరువాత డి.ఎన్.ఎ. పేటలు సుమారు 13 జతల మేర విడిపోతాయి. విడిపోయిన పేటలలో ఒకదానిని చూచి పాలిమరేజు నకలు కట్టడం మొదలుపెడుతుంది. నకలు కొంత పొడవు పెరిగిన తరువాత సిగ్మా సాధారణంగా తప్పుకొంటుంది. పాలిమరేజు సెకనుకు 40, 50 అక్షరాల వేగంతో ముందుకు సాగుతుంది.

ఎషరీషియా కోలైలో సిగ్మాలు ఏడు రకాలు. మామూలు జన్యువులకు ఒకటి, వేడిమి హెచ్చినప్పుడు అవసరమయ్యే జన్యువులకు ఒకటి, ఆహారం కరువైనప్పటికి మరొకటి, ఇట్లా పని విభజన ఉన్నది. సిగ్మా మారితే పాలిమరేజు గుర్తించే ప్రమోటర్లు కూడా మారుతాయి.

అన్ని ప్రమోటర్లూ సమానమైనవి కావు. ఆదర్శరూపానికి దగ్గరగా ఉన్నవాటి దగ్గర అనులేఖనం తరచుగా మొదలవుతుంది. లాక్టోజు ఎంజైముల ప్రమోటరులో మాత్రం పదవ అక్షరం దగ్గరి గుర్తు టి-ఎ-టి-జి-టి-టి అని ఉన్నది. ఆదర్శంతో పోలిస్తే రెండక్షరాలు తేడా. అందుచేత అది బలహీనమైన ప్రమోటర్. ఈ బలహీనత ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

పారిస్‌లో గీసిన ఒక గీత

రెండవ ప్రపంచయుద్ధకాలంలో, పారిస్ నగరం జర్మనుల ఆక్రమణలో ఉన్నప్పుడు, జాక్ మోనో అనే యువ పరిశోధకుడు బాక్టీరియాలకు రెండు చక్కెరలు కలిపి పెట్టి అవి పెరిగే తీరును కొలుస్తున్నాడు. గ్లూకోజు, లాక్టోజు రెండూ ఉంటే బాక్టీరియాలు రెండింటినీ ఒకేసారి తింటాయని ఎవరైనా అనుకొంటారు. గీసిన గీత వేరుగా చెప్పింది. బాక్టీరియాలు మొదట త్వరగా పెరిగినవి. తరువాత కొంతసేపు పెరుగుదల నిలిచిపోయింది. ఆ తరువాత మళ్లీ పెరిగినవి. గ్లూకోజు అంతా అయిపోయేదాకా అవి లాక్టోజును ముట్టలేదు. మధ్య విరామం లాక్టోజుకు కావలసిన ఎంజైములు సమకూర్చుకొనే కాలం. 1941లో మోనో డాక్టరేటు గ్రంథంలో ఈ విషయం చేరింది. రెండు మెట్లున్న ఈ పెరుగుదలకు ఆయన 'డయాక్సీ' అని పేరుపెట్టాడు.

యుద్ధానంతరం పాశ్చర్ సంస్థలో మోనోకు ఫ్రాన్స్వా జాకబ్ తోడయ్యాడు. జాకబ్ వైద్యవిద్యార్థిగా ఉండగా యుద్ధంలో చేరి, 1944లో నార్మండీలో తీవ్రంగా గాయపడి, శస్త్రవైద్యుడు కావాలనే ఆశ వదలుకొన్నవాడు. వీరికి ఎంతో సహాయపడినవి చెడిన బాక్టీరియాలు. కొన్ని బాక్టీరియాలు లాక్టోజు ఉన్నా లేకున్నా ఎల్లప్పుడూ ఎంజైము తయారుచేస్తూనే ఉంటాయి. అవి ఏమి పోగొట్టుకొన్నవి?

ఆర్థర్ పార్డీతో కలిసి వారు 1959లో ప్రకటించిన ప్రయోగం దీనికి సమాధానం చెప్పింది. బాక్టీరియాలలో ఒకటి మరొకదానికి తన డి.ఎన్.ఎ.లో కొంత భాగం అందించే పద్ధతి ఉన్నది. ఎంజైము జన్యువు, దాని అదుపు జన్యువు రెండూ చెడిన కణానికి, ఆ రెండూ బాగున్న డి.ఎన్.ఎ.ను అందేటట్లు చేశారు. లాక్టోజు గాని, దానివంటి పదార్థం గాని పెట్టలేదు. అయినా రెండు మూడు నిమిషాలలోనే ఎంజైము తయారుకావడం మొదలైనది. కొంతకాలం సాగిన తరువాత ఆ తయారీ ఆగిపోయింది!

ఈ ఫలితాన్ని ఎట్లా అర్థం చేసుకోవాలి? కొత్త డి.ఎన్.ఎ. వచ్చిన కణంలో అదుపు చేసే పదార్థం మొదట లేదు. కనుక ఎంజైము జన్యువు వెంటనే పనిచేసింది. ఈలోగా కొత్తగా వచ్చిన అదుపు జన్యువు కూడా పనిచేసి అణచే పదార్థాన్ని తయారుచేసింది. అది తగినంత పోగవగానే ఎంజైము తయారీ నిలిచిపోయింది. అంటే జన్యువు సహజంగా మూగది కాదు. దాని నోరు మూసే పదార్థమొకటి కణంలో తిరుగుతున్నది. దానికి రిప్రెసర్, అంటే అణచేది, అని పేరుపెట్టారు.

మరొక రకం చెడిన బాక్టీరియాలు కూడా దొరికినవి. వీటికి మంచి రిప్రెసర్ జన్యువు బయటినుండి అందించినా ఎంజైము తయారీ ఆగదు. ఇక్కడ కాపలాదారు లోపం లేదు. కాపలాదారు కూర్చునే అరుగే పాడైపోయింది. ఆ అరుగుకు ఆపరేటర్ అని పేరు. ప్రమోటరూ, ఆపరేటరూ, వాటి అదుపులో వరుసగా ఉన్న జన్యువులూ కలిసిన సముదాయానికి ఒపెరాన్ అని పేరు. 1961లో జాకబ్, మోనో ఈ సిద్ధాంతాన్ని పూర్తిగా ప్రకటించారు. 1965లో వారికి, వారి గురుతుల్యుడైన ఆంద్రే ల్వోఫ్‌కు నోబెల్ బహుమానం వచ్చింది.

అణచే ప్రోటీను

బహుమానం వచ్చేనాటికి రిప్రెసరును ఎవరూ కంటితో చూడలేదు, చేతితో పట్టలేదు. ఒక్కొక్క కణంలో ఈ ప్రోటీను అణువులు సుమారు పది మాత్రమే ఉంటాయి గనుక దానిని పట్టడం కష్టం. 1966లో వాల్టర్ గిల్బర్ట్, బెన్నో ముల్లర్-హిల్ దానిని వేరుచేశారు. అది ప్రోటీనేనని, ఆపరేటరును గట్టిగా పట్టుకొంటుందని ఆ పరిశోధనల వల్ల తేలింది.

ఇప్పుడు రామతీర్థంలోని పెద్దమనిషి ప్రేగులకు మళ్లీ వద్దాం. లాక్టోజు రానంతసేపు రిప్రెసర్ ఆపరేటరు మీద కూర్చుని ఉంటుంది. ఆపరేటరు, ప్రమోటరు పక్కపక్కనే ఉండి కొంత కలిసిపోయి కూడా ఉన్నవి. అందుచేత పాలిమరేజుకు పని మొదలుపెట్టే వీలుండదు. ఐతే ఈ కాపలా నూటికి నూరుపాళ్లూ గట్టిది కాదు. రిప్రెసర్ అప్పుడప్పుడు క్షణకాలం లేస్తుంది. ఆ సందులో ఒకటి అరా నకళ్లు తయారవుతాయి. అందుచేత కణంలో లాక్టోజును లోపలికి తెచ్చే ప్రోటీను, దానిని విరిచే బీటా గాలక్టోసిడేజు అనే ఎంజైము ఎప్పుడూ కొన్ని అణువులైనా ఉంటాయి. ఈ కొద్దిపాటి లేకపోతే లాక్టోజు వచ్చిన వార్త లోపలికి చేరే దారే లేదు.

లాక్టోజు రాగానే ఆ కొద్ది ఎంజైము దానిలో కొంత భాగాన్ని అల్లోలాక్టోజు అనే దగ్గరి చుట్టంగా మారుస్తుంది. ఇది రిప్రెసరులోని ఒక గూటిలో ఇమిడిపోతుంది. ఇమిడినప్పుడు రిప్రెసర్ ఆకారం కొద్దిగా మారుతుంది. మారిన ఆకారానికి ఆపరేటరు మీద పట్టు చిక్కదు, అది జారిపోతుంది. దారి తెరుచుకొంటుంది. నకళ్లు వెలువడుతాయి. ఎంజైము మోతాదు సుమారు వెయ్యి రెట్లు పెరుగుతుంది. లాక్టోజు అయిపోగానే అల్లోలాక్టోజు కూడా తరిగిపోతుంది. రిప్రెసర్ మళ్లీ తన చోటికి వస్తుంది.

బాక్టీరియాకు తీర్థం వచ్చిన సంగతి ఎవరు చెప్పారన్న ప్రశ్నకు ఇదే సమాధానం. చెప్పినది లాక్టోజే. విన్నది ఒక ప్రోటీను. వినడమంటే దాని ఆకారం మారడం. ఇందులో ఆలోచన లేదు, సంకల్పం లేదు; తాళంలో తాళంచెవి పడినట్లు ఒక అణువులో మరొక అణువు ఇమడడం మాత్రమే ఉన్నది.

ప్రోత్సహించే ప్రోటీను

ఐతే మోనో చూచిన విరామం సంగతి ఏమిటి? గ్లూకోజు ఉన్నప్పుడు లాక్టోజు కూడా ఉన్నది గదా, రిప్రెసర్ ఎందుకు జారిపోలేదు? కారణాలు రెండు. గ్లూకోజు లోపలికి వస్తున్నంతసేపు లాక్టోజును లోపలికి తెచ్చే ప్రోటీను అణగి ఉంటుంది. ఇది మొదటిది. రెండవది ప్రమోటరు బలహీనత.

లాక్టోజు ప్రమోటరు బలహీనమైనదని ఇంతకు ముందే తెలుసుకొన్నాం. రిప్రెసర్ లేచిపోయినంతమాత్రాన అక్కడికి పాలిమరేజు ఉత్సాహంగా రాదు. దానిని పిలిచి కూర్చోబెట్టే వేరొక ప్రోటీను కావాలి. దానిపేరు క్యాప్. గ్లూకోజు తగ్గినప్పుడు కణంలో సైక్లిక్ ఎ.ఎం.పి. అనే చిన్న అణువు పెరుగుతుంది. అది క్యాప్‌లో ఇమిడితే క్యాప్ ప్రమోటరు పక్కన డి.ఎన్.ఎ.ను పట్టుకొని, పాలిమరేజులోని ఆల్ఫా భాగాన్ని తాకి, దానికి అక్కడ స్థిరమైన చోటు కల్పిస్తుంది. రిప్రెసర్ తలుపు మూసే కాపలాదారు. క్యాప్ ఆహ్వానించే కాపలాదారు.

ఉపాధ్యాయులు తరగతిలో ఈ విషయాన్ని నాలుగు సందర్భాలుగా నల్లబల్ల మీద వ్రాసి, ఫలితాన్ని విద్యార్థులచేతనే చెప్పించవచ్చు. గ్లూకోజు ఉన్నది, లాక్టోజు లేదు: రిప్రెసర్ కూర్చున్నది, క్యాప్ రాలేదు, నకళ్లు దాదాపు లేవు. రెండూ లేవు: క్యాప్ వచ్చింది గాని రిప్రెసర్ కదలలేదు, కనుక నకళ్లు లేవు. రెండూ ఉన్నవి: రిప్రెసర్ పట్టు కొంత సడలినా క్యాప్ రాలేదు, నకళ్లు స్వల్పం. గ్లూకోజు లేదు, లాక్టోజు ఉన్నది: రిప్రెసర్ లేచింది, క్యాప్ వచ్చింది, నకళ్లు పుష్కలం. రెండు ప్రోటీనులు, రెండు చిన్న అణువులు కలిసి తర్కశాస్త్రంలోని ఒక చిన్న లెక్కను ఎట్లా చేస్తున్నవో విద్యార్థులు దీనితో స్వయంగా గ్రహిస్తారు.

ఉప్పు హెచ్చినప్పుడు

కణం తెలుసుకోవలసినది ఆహారం ఒక్కటే కాదు. శ్రీకాకుళం జిల్లాలో నౌపడ ఉప్పు మళ్లను చూచినవారికి ఉప్పునీటిలో మామూలు మొక్క ఎట్లా వాడిపోతుందో తెలుసు. బాక్టీరియాకూ అదే చిక్కు. చుట్టూ ఉప్పు హెచ్చితే కణంలోని నీరు బయటికి పోతుంది. దానిని నిలుపుకోవడానికి కణం మొదట పొటాషియమును, తరువాత ప్రోలీను, గ్లైసీన్ బీటేన్ అనే నిరపాయమైన పదార్థాలను లోపలికి చేర్చుకొంటుంది. వీటిని తెచ్చే ప్రోటీనుల జన్యువులున్న ఒపెరాన్ పేరు ప్రో-యు.

హైదరాబాదులో, పైన చెప్పిన పరిశోధన కేంద్రంలోనే, జె. గౌరీశంకర్ ఈ ఒపెరాన్ మీద ఎన్నో ఏండ్లు పనిచేశాడు. 1985లో ఉప్పుకు స్పందించే జన్యువులను గూర్చి, 1989లో ప్రో-యు పూర్తి అక్షరక్రమాన్ని గూర్చి ఆయన వ్యాసాలు వెలువడినవి. ఉప్పు తక్కువగా ఉన్నప్పుడు హెచ్-ఎన్-ఎస్ అనే ప్రోటీను డి.ఎన్.ఎ.ను కప్పి ఈ ఒపెరాన్‌ను అణచిపెడుతుంది. ఉప్పు హెచ్చితే ఆ పట్టు సడలి, ప్రో-యు అనులేఖనం వందల రెట్లు పెరుగుతుంది. చక్కెర కానివ్వండి, ఉప్పు కానివ్వండి, అదుపు జరిగే చోటు ఒకటే: నకలు మొదలయ్యే చోటు.

మందే మేలుకొలిపే జన్యువు

ఇంతవరకు చెప్పినది బాక్టీరియా పొదుపు. ఇక చెప్పబోయేది మనుష్యుల ప్రాణాలకు సంబంధించినది.

1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్యకళాశాలలో చదివి, అమెరికా చేరిన యెల్లాప్రగడ సుబ్బారావు పేరు తెలుగువారికి చెప్పనక్కరలేదు. లెడర్లీ ప్రయోగశాలలలో ఆయన పరిశోధనలకు అధిపతిగా ఉన్నకాలంలో అక్కడి బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ అనే మందును సంపాదించాడు. ఇది లోకానికి తెలిసినది 1948లో. ఆ సంవత్సరమే ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. టెట్రాసైక్లినులనే మందుల కుటుంబానికి ఆరియోమైసిన్ మొదటిది. ఇవి బాక్టీరియా రైబోజోములకు అడ్డుపడి ప్రోటీనుల తయారీని ఆపుతాయి. ఈ కుటుంబానికే చెందిన డాక్సీసైక్లిన్ నేటికీ స్క్రబ్ టైఫస్, కలరా, ఎలుకల జ్వరం వంటి వ్యాధులలో ఉపయోగపడుతున్నది.

కొద్ది ఏండ్లకే ఈ మందులకు లొంగని బాక్టీరియాలు కనిపించినవి. 1950 దశకంలో జపానులో జిగట విరేచనాలు కలిగించే బాక్టీరియాలలో ఇట్లాంటివి బయటపడినవి. వాటిలో కొన్నింటికి టెట్-ఎ అనే జన్యువు ఉన్నది. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీను కణపు పొరలో నిలిచి, లోపలికి వచ్చిన టెట్రాసైక్లినును వచ్చినట్లే బయటికి తోడిపోస్తుంది. పడవలో చేరిన నీటిని తోడిపోయడం వంటిదే ఇది.

ఐతే ఈ తోడే యంత్రం ఊరికే తిరుగుతూ ఉంటే కణానికి నష్టం. అది హెచ్చుగా తయారైతే కణపు పొర చెడిపోతుంది. అందుచేత దానికీ ఒక కాపలాదారు ఉన్నది. దానిపేరు టెట్-ఆర్. లాక్టోజు రిప్రెసరు మాదిరిగానే ఇది ఆపరేటరు మీద కూర్చుని టెట్-ఎ అనులేఖనాన్ని అణచిపెడుతుంది. దానిని లేపే తాళంచెవి ఏమిటి? టెట్రాసైక్లినే! మందు అణువు మెగ్నీషియముతో కలిసి టెట్-ఆర్‌లో ఇమిడితే, అది డి.ఎన్.ఎ.ను వదలిపోతుంది. విశేషమేమంటే మందు రైబోజోమును పట్టుకొనేదానికంటె గట్టిగా టెట్-ఆర్‌ను పట్టుకొంటుంది. అందుచేత కణాన్ని చంపడానికి చాలనంత స్వల్పమైన మందు వచ్చినా కాపలాదారు లేచిపోతుంది, తోడే యంత్రాలు సిద్ధమవుతాయి. శత్రువు కోటను చేరకముందే అతని అడుగుల చప్పుడుకు కోట మేలుకొన్నట్లు.

1994లో హిన్‌రిక్స్, జెంగర్, హిలెన్, వారి సహచరులు మందు ఇమిడిన టెట్-ఆర్ నిర్మాణాన్ని ఎక్స్‌కిరణాల సహాయంతో చిత్రించారు. అంతకు రెండేండ్ల క్రిందటే, 1992లో, గొసెన్, బుయార్డ్ అనే శాస్త్రజ్ఞులు ఈ కాపలాదారునే పనిముట్టుగా మార్చారు. జంతుకణాలలో కోరిన జన్యువును టెట్రాసైక్లిన్ మోతాదు ద్వారా వెలిగించి ఆర్పడానికి దానిని ఉపయోగించారు. ఈ పద్ధతి ప్రపంచంలోని ప్రయోగశాలలన్నింటా వ్యాపించింది.

తరగతిలో చెప్పవలసిన మాట

'ఈ మందు వాడి వాడి నాకు అలవాటైపోయింది, ఇక పనిచేయదు' అని ఊళ్లలో అనడం పరిపాటి. ఇది పొరపాటు. మందుకు అలవాటుపడేది మనిషి కాదు, బాక్టీరియా. అది కూడా అలవాటు కాదు. మందు టెట్-ఎ జన్యువును సృష్టించదు. ఆ జన్యువు లేని బాక్టీరియాల పెరుగుదలను మందు ఆపుతుంది. ఉన్నవాటిలో దానిని మేలుకొలుపుతుంది. పోటీ తగ్గిన చోట ఆ ఉన్నవే పెరుగుతాయి. పైగా ఇట్లాంటి జన్యువులు ప్లాస్మిడ్ అనే చిన్న డి.ఎన్.ఎ. చుట్టల మీద ఉండి ఒక బాక్టీరియా నుండి మరొకదానికి సంక్రమిస్తాయి. ప్రేగులలోని నిరపాయమైన బాక్టీరియాలో ఉన్న జన్యువు రేపు ప్రమాదకరమైనదానికి చేరవచ్చు.

వైద్యుని సలహా లేకుండా జలుబుకు, ఒళ్లునొప్పులకు రెండు మాత్రలు మింగడం, వైద్యుడు చెప్పిన మోతాదును తగ్గించుకోవడం, మిగిలిన మాత్రలు పొరుగువారికి ఇవ్వడం ఎందుకు తగవో ఇప్పుడు విద్యార్థి తానే చెప్పగలడు. వైరసువల్ల వచ్చే జలుబుకు ఆ మాత్ర ఏమీ చేయదు. కాని ప్రేగులలో నిరోధక జన్యువు గల బాక్టీరియాలకు మాత్రం మేలు చేస్తుంది. కోళ్ల దాణాలో, చేపల చెరువులలో ఈ మందులను అనవసరంగా కలపడంలోని కీడు కూడా ఇదే.

రామతీర్థంలో తీర్థం ముగిసిన మరునాడు పొయ్యిలు చల్లారి ఉంటాయి. ముందునాడు పాలు త్రాగి ఇల్లు చేరిన పెద్దమనిషి ప్రేగులలో లాక్టోజు అయిపోయి, రిప్రెసరు మళ్లీ తన అరుగు మీదికి వచ్చి ఉంటుంది. ఆయనకు ఆ సంగతి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. కాని ఆయన ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చి, మందు చీటీ లేకుండా దుకాణానికి బయలుదేరితే, ఆ ఇంటి హైస్కూలు విద్యార్థి 'ముందు డాక్టరుకు చూపిద్దాం' అని ఆపగలిగితే, ఈ పాఠం చెప్పిన ఉపాధ్యాయుని శ్రమ ఫలించినట్లే.